జిరాక్సు యంత్రము - గ్రంథస్వామ్యము

తెలుగు పుస్తకము దేనినైనను తీసి ముఖపత్రము త్రిప్పినచో, వెనుక ప్రక్క "సర్వస్వామ్య సంకలితము" అనియో "సర్వహక్కులు రచయితవి" అనియో చిన్న అక్షరములలో ఒక పంక్తి కనిపించును. ఉర్దూ పుస్తకములో అదే స్థానమున "జుమ్లా హుఖూఖ్ బహఖ్-ఎ-ముసన్నిఫ్ మహఫూజ్" అని యుండును. భాషలు వేరైనను భావమొక్కటే. ఈ గ్రంథమునకు సంబంధించిన హక్కులన్నియు రచయితకే చెందినవి. ఆ పంక్తిని చదివిన విద్యార్థి అరుదు. చదివినవాడు సైతము అదే పుస్తకమును చంకన పెట్టుకొని జిరాక్సు దుకాణమునకు పోయి, మూడవ అధ్యాయము నుండి ఐదవ అధ్యాయము వరకు ప్రతి తీయించుకొనక మానడు. దుకాణదారుడు ఏమియు అడుగడు. అధ్యాపకుడు చూచియు చూడనట్లుండును. కొన్ని వేళల ఆయనయే పంపును.

ఇది దొంగతనమా, హక్కా, లేక ఎవరును పట్టించుకొనని చిన్న తప్పా? విద్యార్థుల మాటలలో ఈ మూడు సమాధానములును వినవచ్చును. "అందరును చేయుచున్నారు గదా" అనునది నాలుగవది. దానిని సమాధానముగా లెక్కింప పనిలేదు. మా పరిశీలనలో తేలినదేమన, మన దేశపు చట్టము విద్యార్థి అనుకొనుచున్నంత కంటె ఎక్కువ హక్కునే అతనికి ఇచ్చినది. అయితే అతడు ధీమాగా నడచుచున్న కొన్ని చోట్ల మాత్రము ఏ హక్కును ఈయలేదు. ఆ సరిహద్దు ఎక్కడ నున్నదో తెలియుటకు మొదట యంత్రమును గూర్చియు, పిదప చట్టమును గూర్చియు కొంత చెప్పవలసి యున్నది.

ఈ యంత్రమును కనిపెట్టినవాడు స్వయముగా పుస్తకములు కొనలేని విద్యార్థి. చెస్టర్ కార్ల్‌సన్ 1906లో అమెరికాలోని సియాటిల్ నగరమున జన్మించెను. తండ్రి క్షయతోను కీళ్లవాతముతోను బాధపడుచుండెడివాడు. కుమారునికి 17 ఏండ్ల ప్రాయమున తల్లియు క్షయతోనే మరణించినది. బాల్యము నుండియు చిన్న చిన్న పనులు చేసి ఇంటిని నడుపుకొనుచు, ఆ కుర్రవాడు భౌతికశాస్త్రములో పట్టము పొందెను. పిదప న్యూయార్కులో ఒక సంస్థ యొక్క పేటెంటు శాఖలో ఉద్యోగము దొరికినది. అచ్చట పత్రముల ప్రతులు ఎన్ని యున్నను చాలెడివి కావు. పగలు ఆ ఉద్యోగము, రాత్రి న్యాయకళాశాల. న్యాయశాస్త్ర గ్రంథములు కొనుటకు డబ్బు లేక, నగర ప్రజా గ్రంథాలయములో కూర్చుండి పుటలకు పుటలు చేతితో వ్రాసికొనెడివాడు. హ్రస్వదృష్టి ఒక ప్రక్క, కీళ్లనొప్పులు మరియొక ప్రక్క. ఈ వ్రాతపని తప్పించు ఉపాయము లేదా అని అదే గ్రంథాలయములో శాస్త్ర గ్రంథములు వెదకనారంభించెను.

ఆయన పట్టుకొన్న సూత్రము మనలో ప్రతివారును చిన్ననాడు ఆడుకొన్నదే. ఎండిన తలవెండ్రుకలను దువ్వెనతో దువ్వి, ఆ దువ్వెనను కాగితపు ముక్కల వద్దకు తెచ్చినచో అవి ఎగిరి వచ్చి అంటుకొనును. రాపిడి వలన దువ్వెన మీద స్థిరవిద్యుత్తు పుట్టుటయే దీనికి కారణము. ఇక కొన్ని పదార్థములు చీకటిలో విద్యుత్తును తమ మీద నిలుపుకొని, వెలుతురు సోకగానే వదలివేయును. గంధకము అట్టిది. ఈ రెండు విషయములను జోడించినచో వెలుతురు తోడనే చిత్రమును గీయవచ్చునని కార్ల్‌సన్ ఊహించెను.

1938 అక్టోబరు 22వ తేదీన, న్యూయార్కు నగరములోని ఆస్టోరియా ప్రాంతమున ఒక అద్దె గదిలో, ఆస్ట్రియా నుండి వలస వచ్చిన ఓటో కోర్నీ అను సహాయకునితో కలసి ఆయన ప్రయోగము చేసెను. జింకు పలకకు గంధకము పూసి, చీకటిలో దానిని చేతిరుమాలుతో రుద్దిరి. గాజుపలక మీద ఆ నాటి తేదీని, ఊరి పేరును సిరాతో వ్రాసి, దానిని గంధకపు పలకపై నుంచి కొన్ని క్షణములు దీపపు కాంతి ప్రసరింపజేసిరి. తరువాత లైకోపోడియం అను మొక్క నుండి వచ్చు సన్నని పొడిని చల్లి, మెల్లగా ఊదిరి. అక్షరములున్న చోట మాత్రము పొడి నిలిచినది. ఆ పొడిని మైనపు కాగితము మీదికి దించుకొనిరి. జిరాక్సు ప్రతులన్నిటికిని ఆ కాగితపు ముక్కయే మూలపురుషుడు.

లోకము దానిని వెంటనే నెత్తిన పెట్టుకొన్నదని తలచరాదు. ఐ.బి.ఎమ్., కొడాక్, జనరల్ ఎలక్ట్రిక్ మొదలుగా 20కి పైగా సంస్థలు ఆయనను త్రిప్పి పంపినవి. కర్బన కాగితము ఉండగా ఇంకొక యంత్రమెందులకని వారి ఆలోచన. 1944లో బాటెల్ అను పరిశోధన సంస్థయు, ఆ పైని రోచెస్టరు నగరములోని హాలాయిడ్ అను చిన్న కంపెనీయు చేయూత నిచ్చినవి. గ్రీకు భాషలో "జీరోస్" అనగా పొడి, "గ్రాఫీన్" అనగా వ్రాత. ఈ పద్ధతిలో తడి సిరా గాని రసాయన ద్రవము గాని లేదు కనుక దీనికి జిరోగ్రఫీ, అనగా పొడివ్రాత, అని పేరు పెట్టిరి. 1959లో "914" అను నమూనా వెలువడినది. 9 అంగుళముల వెడల్పు, 14 అంగుళముల పొడవు గల కాగితమును తీయగలదు కనుక ఆ సంఖ్య. దాని బరువు సుమారు 294 కిలోలు. కాగితము లోపల ఇరుక్కొన్నచో వేడికి అంటుకొనెడిది. అందుచే యంత్రముతో పాటు ఒక చిన్న అగ్నిమాపక సాధనమును కూడ ఇచ్చి, కొనువారు భయపడకుండ దానికి "మాడు నివారిణి" అను అర్థము వచ్చు పేరు పెట్టిరట! కంపెనీ తన పేరును జిరాక్సుగా మార్చుకొన్నది. పిమ్మట ఆ పేరును క్రియాపదముగా వాడవద్దని పత్రికలలో ప్రకటనలు వేసికొన్నది. తెలుగువాడు ఆ ప్రకటనలను చూచినట్లు లేదు. అతడు నేటికిని "జిరాక్సు తీయించుకొని" వచ్చుచునే యున్నాడు, యంత్రము ఏ కంపెనీదైనను.

నేటి యంత్రములో గంధకము లేదు, రుమాలు లేదు; సూత్రము మాత్రము అదే. లోపల నొక గుండ్రని డోలు ఉండును. చీకటిలో దానిపై విద్యుత్తు నింపబడును. పాత తరహా యంత్రములో పుస్తకపు పుటపై పడిన కాంతి, తెల్లని భాగము నుండి పరావర్తనము చెంది డోలును తాకి, అచ్చట విద్యుత్తును తొలగించును. నల్లని అక్షరముల నుండి కాంతి రాదు కనుక ఆ చోట్ల విద్యుత్తు నిలిచి, టోనరు అను నల్లని పొడిని ఆకర్షించును. ఆ పొడి కాగితము మీదికి దిగి, వేడి రోలర్ల మధ్య కరగి అతుక్కొనును. ప్రతి చేతికి వచ్చినప్పుడు వెచ్చగా నుండుటకు కారణమిదియే. మూత సరిగా మూయనిచో అంచులు నల్లగా వచ్చుట, దళసరి పుస్తకములో రెండు పుటలు కలియు చోట నల్లని నీడ పడుట కూడ ఇందువలననే: ఆ చోట్ల నుండి కాంతి తిరిగి రాలేదు. ఇప్పటి యంత్రములలో ఎక్కువ భాగము పుటను ముందుగా అంకెల రూపమున గ్రహించి, తరువాత లేజరు కిరణముతో డోలు మీద గీయును.

ఈ క్రొత్త పద్ధతిలో ఒక విచిత్రము జరిగినది. 2013లో డేవిడ్ క్రీసెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, కొన్ని జిరాక్సు యంత్రములు స్కాను చేసిన పత్రములలో అంకెలు మారిపోవుచున్నవని కనిపెట్టెను. 6 ఉన్న చోట స్పష్టముగా 8 వచ్చుచుండెను. స్థలము ఆదా చేయుటకై యంత్రము ఒకే రీతిగా నున్న ముక్కలను ఒకే ముక్కగా భావించి, మొదటి దానినే అంతట అతికించుటయే లోపము. కంపెనీ ఒప్పుకొని సవరణ నిచ్చినది. మసకబారిన అక్షరమును చూచి మనము అనుమానింతుము. తేటగా నున్న తప్పును ఎవ్వడు అనుమానించును?

తాళపత్రములపై గంటముతో వ్రాసిన లేఖకులు ఇట్టి పనులే చేసిరని మన పండితులు ఎరుగుదురు. బ్రౌను దొర వేమన పద్యములను 1829లో అచ్చు వేయించుటకు ముందు అనేక ప్రతులను సేకరించి, పండితులచే వ్రాయించి సరిపోల్చవలసి వచ్చినది ఇందుకే. ఆ కాలమున గ్రంథస్వామ్య చట్టము లేదు, దాని అవసరమును లేదు. ఒక ప్రతి వ్రాయుటకు మాసములు పట్టునప్పుడు ఆ శ్రమయే గ్రంథమునకు కాపలా. ఉర్దూలో ఈ స్థితి మరికొంత కాలము సాగినది. నస్తాలీఖ్ లిపి అక్షరములు మెట్లుమెట్లుగా క్రిందికి దిగుచు ఒకదానిలో నొకటి ఒదిగిపోవును గనుక సీసపు అక్షరములతో దానిని కూర్చుట కష్టము. అందుచే ఉర్దూ ప్రచురణము కాతిబుల చేతివ్రాత మీదను, రాతి అచ్చు మీదను ఆధారపడినది. 1858లో లక్నోలో స్థాపింపబడిన నవల్ కిశోర్ ముద్రణాలయము వేలకొలది గ్రంథములను ఈ విధముననే అచ్చువేసినది. హైదరాబాదు ఛత్తా బజారులో కాతిబులు వ్రాసిన పెండ్లి పత్రికలు నేటికిని మన ఇండ్లలో దొరకును. పాకిస్తానుకు చెందిన మిర్జా అహ్మద్ జమీల్ వేలకొలది అక్షర సంపుటులను స్వహస్తముతో వ్రాసి యిచ్చుట వలన 1981లో నూరీ నస్తాలీఖ్ అను కంప్యూటరు లిపి వెలువడు వరకు, ఉర్దూ దినపత్రికలు సైతము చేతివ్రాతనే నమ్ముకొన్నవి.

అచ్చు యంత్రము వచ్చి, ఒకడు కష్టపడి ప్రచురించిన గ్రంథమును ఇంకొకడు వారములో తిరిగి అచ్చువేయగలిగిన పిదపనే ఈ స్వామ్యపు ప్రశ్న పుట్టినది. ఇంగ్లండులో 1710లో అమలులోనికి వచ్చిన ఆన్ రాణి శాసనమును ఇందు మొదటి చట్టముగా చెప్పుదురు. దాని పూర్తి నామము "విద్యా ప్రోత్సాహమునకై" అను మాటతో మొదలగును. క్రొత్త గ్రంథమునకు అది 14 సంవత్సరముల హక్కు నిచ్చినది. రచయిత బ్రతికి యున్నచో మరి 14. ప్రతి గ్రంథము యొక్క 9 ప్రతులను విశ్వవిద్యాలయాది గ్రంథాలయములకు ఉచితముగా ఈయవలెనన్నది. పుస్తకపు వెల అన్యాయముగా నున్నచో ఫిర్యాదు చేయుటకు కూడ అందు ఒక నిబంధన యుండినది. ఆ నిబంధనను కొన్ని దశాబ్దముల లోపలనే తొలగించిరి. తొలగింపకున్నచో నేటి ఇంజనీరింగు పుస్తకముల వెలలు చూచి మన విద్యార్థులు ఎన్ని ఫిర్యాదులు వ్రాయుదురో!

మన దేశములో 1914 నాటి చట్టము స్థానమున 1957లో స్వతంత్ర భారత చట్టము వచ్చినది. దాని ప్రకారము గ్రంథస్వామ్యము రచయిత జీవితకాలమును, ఆ పైన 50 సంవత్సరములును ఉండెడిది. 1941లో గతించిన రవీంద్రనాథ ఠాకూరు రచనల హక్కు 1991 చివర ముగియవలసి యుండగా, విశ్వభారతి పక్షమున ఆందోళన బయలుదేరినది. 1992 సవరణతో గడువు 60 సంవత్సరములకు పెరిగినది. రచయిత మరణించిన సంవత్సరము ముగిసిన నాటి నుండి ఈ 60 లెక్కింపవలెను. ఆ లెక్కన 1915లో మరణించిన గురజాడ వారి రచనలును, 1958లో మరణించిన మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారి "గుబారె ఖాతిర్" మూలమును ఎవరైనను అచ్చువేసికొనవచ్చును. 1969లో కన్నుమూసిన మఖ్దూం మొహియుద్దీన్ కవితలకు 2029 చివరి వరకును, 1971లో గతించిన జాషువా గారి కావ్యములకు 2031 చివరి వరకును హక్కులు ఉండును. అయితే స్వామ్యము మాటల కూర్పునకే గాని భావమునకు లేదు. ఇతివృత్తముపై ఎవరికిని గుత్తాధికారము లేదని 1978లో ఆర్. జి. ఆనంద్ వ్యాజ్యములో సుప్రీం కోర్టు స్పష్టము చేసినది. న్యూటను సూత్రమును మీ మాటలలో వివరించుటకు ఎవ్వరి అనుమతియు అక్కరలేదు.

విద్యార్థికి ముఖ్యమైనది ఆ చట్టములోని 52వ సెక్షను. ఏ పనులు చేసినను హక్కుల ఉల్లంఘన కాదో అది చెప్పును. స్వంత చదువునకు, పరిశోధనకు సముచితముగా వాడుకొనుట అందు మొదటిది. బోధన క్రమములో ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని ఏ రచనకైనను ప్రతి తీయుట మరియొకటి. ప్రశ్నాపత్రములో ఒక కవితా ఖండమును ఇచ్చుట, జవాబులో దానిని వ్రాయుట కూడ ఇందులోనివే. "బోధన క్రమములో" అను ఆ రెండు మాటల చుట్టును ఢిల్లీలో ఐదేండ్ల పాటు ఒక వ్యాజ్యము నడచినది.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫోటోకాపీ సర్వీసు అను చిన్న దుకాణము ఉండెడిది. అధ్యాపకులు నిర్ణయించిన పాఠ్యక్రమము ననుసరించి, ఒక గ్రంథము నుండి ఒక అధ్యాయము, మరియొక దాని నుండి కొన్ని పుటలు, ఈ విధముగ కూర్చి విద్యార్థులకు సంపుటములుగా అమ్మెడివారు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయములును టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థయు ఆ దుకాణము మీదను ఢిల్లీ విశ్వవిద్యాలయము మీదను హైకోర్టులో దావా వేసినవి. విచారణ ముగియు వరకు సంపుటములు అమ్మరాదని ఉత్తరువు వచ్చినది. విద్యార్థులు సంఘముగా ఏర్పడి కక్షిదారులుగా చేరిరి. విద్యార్థులపై ఇట్టి చర్య తగదని అమర్త్య సేన్ ప్రచురణకర్తలకు లేఖ వ్రాసెను. ఏ గ్రంథముల కొరకు దావా వేసిరో ఆ గ్రంథముల రచయితలే కొందరు దావాను వ్యతిరేకించుట ఇందులోని విశేషము.

ప్రచురణకర్తల వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. బోధన యనగా తరగతి గదిలో గురుశిష్యుల మధ్య జరుగునది. లాభము కొరకు నడచు దుకాణము అందులోనికి ఎట్లు వచ్చును? ఏటేట వందలాది సంపుటములు తయారైనచో మూలగ్రంథమును కొనువారెవరు? 2016 సెప్టెంబరు 16న న్యాయమూర్తి రాజీవ్ సహాయ్ ఎండ్లా ఇచ్చిన తీర్పు ఈ వాదమును అంగీకరింపలేదు. గ్రంథస్వామ్యము దైవదత్తమైన సహజ హక్కు కాదనియు, విజ్ఞానము వర్ధిల్లుటకై శాసనము కల్పించిన హక్కు అనియు, ఆ శాసనమే పెట్టిన మినహాయింపులు దానిలో అంతర్భాగములనియు ఆయన వ్రాసెను. తాము న్యాయశాస్త్ర విద్యార్థిగా నున్న దినములలో గ్రంథాలయములో వంతుల వారీగా కూర్చుండి అధ్యాయములకు అధ్యాయములు చేతితో వ్రాసికొనెడివారమని కూడ ఆ తీర్పులో జ్ఞాపకము చేసికొనెను. చేతితో వ్రాసినప్పుడు తప్పు కానిది యంత్రముతో తీసినంత మాత్రమున తప్పు ఎట్లగును? విశ్వవిద్యాలయము తానే యంత్రము పెట్టి చేయదగిన పనిని దుకాణదారునికి అప్పగించుట వలన దాని స్వభావము మారదు.

అదే సంవత్సరము డిసెంబరు 9న ద్విసభ్య ధర్మాసనము ఈ భావమును మొత్తము మీద సమర్థించినది. ఎన్ని పుటలు తీసిరను లెక్క ప్రధానము కాదు, ఆ బోధనకు అవి అవసరమా కాదా అనునదే ప్రధానమన్నది. ఆ అవసరమును తేల్చుటకు విచారణ జరుపుమని కేసును క్రింది కోర్టునకు తిప్పి పంపినది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావాను ఉపసంహరించుకొనిరి. హక్కుల సంస్థ ఒకటి చేసిన అప్పీలును అదే మే నెలలో సుప్రీం కోర్టు కొట్టివేసినది.

ఈ కథ వినగానే సంతోషముతో గ్రంథాలయపు బీరువా మొత్తము జిరాక్సు తీయింప పూనుకొనువారు కొంచెము ఆగవలెను. ఢిల్లీ హైకోర్టు తీర్పు మన హైకోర్టులకు గౌరవింపదగిన మార్గదర్శకమే గాని కట్టుబడి తీరవలసిన ఆజ్ఞ కాదు. పైగా అది పాఠ్యక్రమమునకు కావలసిన భాగములను గూర్చి చెప్పినది. పరీక్షకు ముందు గైడును, ప్రశ్నల సంపుటిని మొదటి పుట నుండి చివరి పుట వరకు తీసి, స్పైరలు బైండింగు వేసి, ఇరువదింటిని దుకాణపు గోడకు వ్రేలాడదీసి అమ్ముట ఏ తరగతి బోధనయో మాకు బోధపడలేదు. తెలిసియు ఉల్లంఘించినవానికి 63వ సెక్షను 6 మాసముల నుండి 3 సంవత్సరముల వరకు జైలును, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానాను విధించుచున్నది. సెల్‌ఫోనుతో పుటలను చిత్రించి, మొత్తము పుస్తకమును ఒక దస్త్రముగా చేసి నలుగురికి పంపుట కూడ ప్రతి తీయుటయే. యంత్రము జేబులో ఉన్నంత మాత్రమున పని మారలేదు.

ఇచ్చట మేము ఒక భేదము చూపదలచితిమి. చట్టములో అది లేదు, అయినను ఉండదగినదని మా ఊహ. పాశ్చాత్య దేశములలో అచ్చయి, మన విద్యార్థి తండ్రి నెల జీతములో పెద్ద భాగము పలుకు గ్రంథములో రెండు అధ్యాయములు తీసికొనుట ఒకటి. అతడు ఎట్లును కొనలేడు గనుక ఆ ప్రతి వలన ప్రచురణకర్తకు పోయిన బేరము లేదు. నూరు, నూటయేబది రూపాయలకు దొరకు తెలుగు విమర్శ గ్రంథమునో ఉర్దూ కథల సంపుటినో పూర్తిగా తీయించుకొనుట మరియొకటి. మన భాషలలో రచయితలు అనేకులు తమ డబ్బుతోనే కొలది వందల ప్రతులు అచ్చువేయించుకొందురు. సభలలో స్నేహితులకు పంచగా మిగిలినవి ఇంటి అటకపై నుండును. అట్టి పుస్తకమునకు కళాశాల విద్యార్థులే కొనదగిన పాఠకులు. వారును జిరాక్సుతో తృప్తిపడినచో రెండవ ముద్రణ మాట ఉండదు. వెల కట్టి చూచినను, పూర్తి పుస్తకపు ప్రతికి, బైండింగునకు అయ్యెడి ఖర్చు ఒక్కొక్కప్పుడు ఆ పుస్తకము ఖరీదునకు ఇంచుమించు సమానమే.

ప్రతి తీయుటకు హక్కున్న చోట కూడ పేరు చెరుపుటకు హక్కు లేదు. తన రచనకు తానే కర్తనని చెప్పుకొను అధికారమును 57వ సెక్షను రచయితకు ప్రత్యేకముగ ఇచ్చినది. స్వామ్యమును ఇతరులకు అమ్మివేసిన పిదప కూడ అది ఆయన వద్దనే యుండును. కళాశాల సంచికలకు వచ్చు వ్యాసములలో కొన్ని ఎక్కడనో చదివినట్లు తోచుట సంపాదకులందరికిని అనుభవమే. ఇతరుల భావమును స్వంత మాటలలో చెప్పి ఆ పేరు తెలుపుట పాండిత్యము. నాలుగు పేరాలు దించి క్రింద తన పేరు వేసికొనుట, చట్టము సంగతి యటుంచి, సభ్యత కాదు. కాతిబు తాను వ్రాసిన పుట చివర వినయముగా తన పేరును వ్రాసికొనెడివాడు, కాని "కాతిబు" అనియే వ్రాసెడివాడు, "ముసన్నిఫ్" అని కాదు.

కళాశాల కార్యవర్గము వారి దృష్టికి రెండు నిబంధనలను తేదలచితిమి. మొదటిది 32వ సెక్షను. విదేశములలో ప్రచురింపబడిన గ్రంథమును బోధనకై మన భాషలోనికి అనువదించుటకు, హక్కుదారు అనుమతి దొరకనిచో, చట్టము నియమించిన అధికార వేదిక నుండి లైసెన్సు కోరవచ్చును. ప్రచురణ జరిగి 3 సంవత్సరములు గడవవలెను; అభివృద్ధి చెందిన దేశములలో సామాన్య వ్యవహారమందు లేని భాషకైనచో ఒక సంవత్సరమే చాలును. హక్కుదారునకు రాయల్టీ చెల్లింపవలసి యుండును. 1917లో హైదరాబాదులో అనువాద శాఖను నెలకొల్పి, మరుసటి ఏడు ఉర్దూ మాధ్యమముగా ఉస్మానియా విశ్వవిద్యాలయమును ప్రారంభించిన ప్రాంతము మనది. విజ్ఞానశాస్త్రములో ఒక్క మంచి గ్రంథమునైనను తెలుగులోనికి, ఉర్దూలోనికి ఒకేసారి తెచ్చుటకు రెండు శాఖల అధ్యాపకులు కలసి పూనుకొన్నచో, ప్రతి సంవత్సరము ఇంగ్లీషు అధ్యాయములను తీయించి అర్థము కాక దాచుకొను అవస్థ కొంత తగ్గును.

రెండవది 52వ సెక్షనులోనిదే. భారతదేశములో అమ్మకమునకు దొరకని గ్రంథమునకు, వ్యాపార దృష్టి లేని ప్రజా గ్రంథాలయపు అధికారి తన గ్రంథాలయ అవసరమునకై 3 ప్రతులకు మించకుండ తీయించుకొనవచ్చును. గ్రంథాలయము తన వద్ద నున్న పుస్తకమును భద్రపరచుటకై కంప్యూటరులో నిలువ చేసికొనుటకు 2012 సవరణ అవకాశము కల్పించినది. రాతి అచ్చులో వెలువడిన ఉర్దూ గ్రంథములు, మరల ముద్రణకు నోచుకొనని తెలుగు పుస్తకములు మన జిల్లాల పాత గ్రంథాలయములలో ఎన్నో చెదలకును చెమ్మకును గురియగుచున్నవి. ఆ కాగితము ఒకసారి త్రిప్పిన చోటనే విరుగును. యంత్రపు మూత మోపి అదిమినచో ఇక చెప్పనక్కరలేదు. కనుక వాటిని పైనుండి చిత్రించు పరికరముతోనే తీయవలెను, పుస్తకమును సగము వరకే తెరచి ఉంచవలెను. ఏవి అమ్మకమునకు దొరకుచున్నవో, ఏవి దొరకుట లేదో పరిశీలించి పట్టిక తయారు చేయు పనిని వేసవి సెలవులలో ఉభయ భాషా సంఘముల విద్యార్థులకు అప్పగింపవచ్చును. ఆ పట్టికకు కావలసినవి నాలుగే గడులు: గ్రంథనామము, రచయిత, మరణ సంవత్సరము, చివరి ముద్రణ.